స్టాండు బిగించాం, ప్యానెళ్లు ఎందుకు రాలేదంటే

మిద్దె మీద సోలార్ ప్యానెళ్ల కోసం ఇనుప స్టాండు బిగించి నెల దాటింది. ప్యానెళ్లు మాత్రం రాలేదు. మా షాపు కస్టమర్లు, పదకొండు ఇళ్లవారు రోజూ పైకెక్కి ఆ ఖాళీ చట్రాలను చూసి దిగుతున్నారని నాకు తెలుసు. తిరుపతి కొర్లగుంటలో ఒకరు వాటి మీద బట్టలు ఆరేస్తున్నారట. ఫోన్లో "రెండు రోజుల్లో" అని చెప్పి చెప్పి నాకే సిగ్గు వేస్తోంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మీకు నేను మాట ఇచ్చింది ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ మీ ఖాతాలో పడాలంటే ప్యానెల్ మన దేశంలో తయారైతే చాలదు, అందులో ఎండను కరెంటుగా మార్చే సెల్ కూడా ఇక్కడిదే కావాలి. సెప్టెంబరు చివర్లో పదిహేను ఇళ్లకు 90 ప్యానెళ్లు చెప్పి, డబ్బులో డెబ్బై శాతం ముందే కట్టాను. ఆరేళ్లుగా ఆ డిస్ట్రిబ్యూటరు దగ్గరే కొంటున్నాను. మా అమ్మాయి పెళ్లికి వచ్చి, బంతిలో కూర్చుని తిని వెళ్లిన మనిషి.

దసరా తర్వాత లారీ వచ్చింది. సరుకు దించుతుంటే మా దగ్గర పనిచేసే కుర్రవాడు ఒక ప్యానెల్ వెనక స్టిక్కరు మూల లేచి ఉండటం చూశాడు. గోటితో లాగితే కింద ఇంకో స్టిక్కరు తాలూకు జిగురు మరక. ముందుకు తిప్పి గాజు కింది బార్‌కోడ్ నంబరు చదివాం. వెనక ఒక నంబరు, గాజు కింద ఇంకో నంబరు. స్టిక్కరు ఎవరైనా అంటించవచ్చు. ఫ్యాక్టరీలో గాజు కింద అతికిపోయిన నంబరు జోలికి ఎవరూ పోలేరు. ఆ రాత్రి పదకొండు దాకా గోడౌన్లో ఫోన్ లైటు వేసుకుని ఒక్కొక్కటీ చూశాం. 24 సరిగ్గా ఉన్నాయి, వాటిని నాలుగు ఇళ్లకు బిగించేశాం. మిగిలిన 66 నంబర్లలో ఒక్కటి కూడా దేశీయ సెల్‌లను సరిచూసే ప్రభుత్వ పోర్టల్లో దొరకలేదు.

ఫోన్ చేస్తే అతను తడుముకోలేదు. "అన్నా, కరెంటు అంతే వస్తుంది కదా. మిద్దె ఎక్కి ఎవరు చూస్తారు?" అన్నాడు.

బయటి దేశపు సెల్ మీద సుంకం కట్టి ఇక్కడ తయారుచేసిన ప్యానెల్ కూడా, దేశీయ సెల్ ప్యానెల్ కంటే నాకు వాట్‌కు దాదాపు పది రూపాయలు తక్కువకు పడుతుంది. ఒక్కోటి 540 వాట్లు, అలాంటివి 66. లెక్క వేస్తే మూడున్నర లక్షలు. పదిహేనేళ్ల మా షాపు పేరుకు అతను కట్టిన ధర అది.

కరెంటు అంతే వస్తుందన్న మాట మాత్రం అబద్ధం కాదు. నన్ను పది రోజులు నిద్రపోనివ్వనిది ఆ మాటే. ఉన్నది ఉన్నట్టు చెప్పి, సబ్సిడీ లేకుండా తక్కువ ధరకు ఇవే బిగించేయవచ్చు కదా? ముగ్గురు కస్టమర్లు అడిగారు కూడా. కాగితం మీద వేసి చూశాను: మూడు కిలోవాట్లకు మీకు మిగిలేది 30,000, పోయేది 78,000. అక్కడితో ఆ ముగ్గురి సంగతి తేలిపోయింది. భవానీనగర్ మాస్టారిది డబ్బు గొడవ కాదు. "బొగ్గు తగ్గాలంటారు, బయటి నుంచి చవకగా వచ్చే ప్యానెల్‌ మీద 40 శాతం సుంకం వేస్తారు. ఇదెక్కడి పర్యావరణమయ్యా?" అన్నారు. కొట్లో కాఫీ చల్లారిపోయేదాకా వాదించుకున్నాం.

మాస్టారికి ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతాను. మన ప్రభుత్వం 2010లో సౌర మిషన్ మొదలుపెట్టి, దేశీయ సెల్ వాడాలని కొన్ని ప్రాజెక్టులకు షరతు పెట్టింది. అమెరికా 2013లో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కింది, 2016లో మనం ఓడిపోయాం. ప్రభుత్వం తన అవసరానికి కొనే సరుకుకు మినహాయింపు ఉంది కదా అని మనవాళ్లు వాదించారు. మీరు కొంటున్నది కరెంటు, షరతు పెట్టింది సెల్ మీద, రెండూ వేరు అన్నారు అక్కడ. పర్యావరణ ఒప్పందాల ప్రకారం సౌర విద్యుత్తు పెంచాలి కదా అన్న వాదన కూడా నిలవలేదు. తర్వాత అమెరికా రాష్ట్రాలు తమ సరుకుకు ఇస్తున్న ఇలాంటి రాయితీల మీదే మనం కేసు వేసి 2019లో గెలిచాం. పేపర్లో చదివి ఆ రోజు షాపులో అందరికీ టీ ఇప్పించాను. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్యానెల్‌ మీద 40 శాతం, సెల్ మీద 25 శాతం దిగుమతి సుంకం వచ్చింది. 2025 బడ్జెట్లో ప్యానెల్ సుంకంలో సగాన్ని సెస్సుగా మార్చారు, మొత్తం మాత్రం 40 దగ్గరే ఉంచారు.

నేను ఆ సుంకం వైపే. 2021లో చైనాలో సిలికాన్ ధర ఎగిసినప్పుడు ఒప్పుకున్న ధరకు సరుకు దొరక్క, ముగ్గురికి అడ్వాన్సు వెనక్కి ఇచ్చి తల వంచుకుని వచ్చినవాణ్ణి. ప్యానెల్ తయారీలోని ప్రతి అంచెలోనూ 80 శాతానికి పైగా ఒకే దేశం చేతిలో ఉంటే అక్కడ తుమ్మినా ఇక్కడ మన మిద్దె ఖాళీ. అయితే మాస్టారి మాటలో సగం నిజముంది. మన సెల్‌కు కావలసిన సిలికాన్ పలక ఇప్పటికీ ఎక్కువగా అక్కడి నుంచే వస్తోంది, దాన్ని కరిగించేది చాలావరకు అక్కడి బొగ్గు కరెంటే. 2026 జూన్ 1 నుంచి సెల్‌లకు కూడా ప్రభుత్వం ఆమోదించిన తయారీదారుల జాబితా పెట్టాలని నిర్ణయించారు. అప్పటికి ఇక్కడి సెల్ చాలినంత దొరకాలి, లేకపోతే మళ్లీ మీకు నేనే సమాధానం చెప్పుకోవాలి.

ఆ 66 ప్యానెళ్లు బిగించను. సబ్సిడీ లేకుండా కూడా బిగించను. నంబరు మార్చిన సరుకు మా షాపు పేరుతో ఏ మిద్దె మీదా ఉండకూడదు. మొండితనం అని మా ఆవిడ అంది, కాదనను. డబ్బు తిరిగి వచ్చేదాకా అవి గోడౌన్లోనే ఉంటాయి.

వేరే చోట కొత్త సరుకు చెప్పాను, ఈసారి పైసా ముందు ఇవ్వలేదు. తిరుచానూరు పంచమీ తీర్థం లోపు ఆరు ఇళ్లు, మిగతావి వైకుంఠ ఏకాదశి లోపు పూర్తిచేస్తాం. వాన పడితే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. ధర పెంచను. 2025 సెప్టెంబరు 22న ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5కు తగ్గింది కాబట్టి, బిగింపు పని మీది పన్ను కూడా కలుపుకుంటే మొత్తం బిల్లు మీద 13.8 శాతం పడేది ఇప్పుడు 8.9 శాతమే. బిల్లు ఇంకా వేయని మీ అందరికీ ఆ తేడా తగ్గిస్తాను. ఆగలేమన్నవారికి స్టాండు ఖర్చు కూడా పట్టుకోకుండా అడ్వాన్సు మొత్తం ఇచ్చేస్తాను. ఇప్పటికి ఒక్కరే తీసుకుంటామన్నారు. నొచ్చుకున్నాను, తప్పు వారిది కాదు.

ప్యానెళ్లు మీ గుమ్మంలో దిగగానే, మిద్దె మీదికి ఎక్కించకముందే మీ చేతికి టార్చి ఇస్తాను. గాజు కింది ఆరు నంబర్లూ మీరే చదివి రాసుకోండి.