కొంగుముడిలో దొరికింది

బెంగళూరు, మారతహళ్ళి
ఆదివారం రాత్రి

ఒరేయ్ బక్కోడా,

ఆలస్యానికి తిట్టుకో. ఏ తిట్టు తిడతావో కూడా తెలుసు, కోటప్పకొండ తిరనాళ్ళలో చెప్పు పోయినప్పటి తిట్టే కదా. ఇక్కడ పెద్దాడికి టెన్త్, చిన్నదానికి దగ్గు, అపార్ట్‌మెంట్‌కి నీళ్ళ ట్యాంకరు. కబుర్లు అయిపోయాయి.

పోయిన నెల అర్ధరాత్రి నీకు ఫోన్ చేసి, "సంక్రాంతప్పుడు అమ్మని రక్తపరీక్షకి తీసుకెళ్ళావే, ఆ రిపోర్టు ఫొటో ఉందా" అన్నాను, గుర్తుందా? ఎందుకని ఒక్క ముక్క అడక్కుండా పంపావు. ఆ కాగితం ఏం చేసిందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

అమ్మకి చలిజ్వరం, మూత్రంలో మంట. మాత్రలకి తగ్గలేదు, ఆసుపత్రిలో చేర్చాం. అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు నీరసిస్తే రక్తంలో పెరిగే సరుకు) 0.8 వచ్చింది. ఇంకేం, కిడ్నీలు బ్రహ్మాండం అనుకుని నేను క్యాంటీన్‌కి పోయి మసాలా దోసె లాగించాను.

మర్నాడు పొద్దున ఒక అమ్మాయి వచ్చింది. క్లినికల్ ఫార్మసిస్టట, అంటే రోగులకిచ్చే మందులూ మోతాదులూ సరిచూసే మనిషి. కోలారు పిల్ల, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడుతోంది. "సార్, అజ్జి తూకం ఎవరు తీసినారు?" అంది. కేస్ షీటులో 55 కేజీలని ఉంది. ఎవరూ తీయలేదురా, అమ్మే చెప్పింది! అక్క పెళ్ళినాటి లెక్క అది. మిషన్ ఎక్కిస్తే 42. "మీ మిషన్ చెడిపోయిందమ్మా" అంది అమ్మ.

కిడ్నీలు ఏపాటి పనిచేస్తున్నాయో తేల్చడానికి ఆ పిల్ల నా దోసె బిల్లు వెనక్కి తిప్పి లెక్క వేసింది. 140లోంచి వయసు తీసెయ్, 78 పోతే 62. దాన్ని బరువుతో హెచ్చవెయ్. 72 ఇంటూ క్రియాటినిన్‌తో భాగించు. ఆడవాళ్ళకైతే 0.85తో మళ్ళీ హెచ్చవెయ్. 38 వచ్చింది. నిమిషానికి 38 మిల్లీలీటర్లు, అంటే కిడ్నీలు వయసులో ఉన్నప్పుడు చేసే పనిలో సగం కూడా లేదు. క్రియాటినిన్ కండలోంచి వచ్చే సరుకట. అమ్మ ఒంట్లో కండెక్కడుంది? అందుకే అంకె తక్కువగా, ముద్దుగా కనపడింది. కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు ఈ సూత్రాన్ని 1976లో కట్టారు. మనం పుట్టిన ఏడే! మనిద్దరికంటే అదే ఎక్కువ పనికొచ్చింది. (మన లెక్కల మాస్టారు చూసుంటే ఆ 140 ఎక్కణ్ణుంచి వచ్చిందిరా అని వీపు చీరేసేవాడు.)

రెండో డోసు తగ్గించారు. మూడో డోసు వేళకి, అంటే చేరిన నలభై ఎనిమిది గంటలకి, క్రియాటినిన్ 1.1. ల్యాబ్ వాళ్ళ హద్దు 1.2 కాబట్టి రిపోర్టులో లావు అక్షరాల్లో కూడా వేయలేదు. డ్యూటీ డాక్టరు నార్మలే అన్నాడు. కానీ ఆ పిల్ల ముందే ఫైల్లో రాసిపెట్టింది: 0.3 పెరిగితే ఇంజెక్షన్ ఆపి నాకు ఫోన్ చెయ్యండి అని. రెండు రోజుల్లో 0.3 పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టేనట. 2012 నుంచీ ప్రపంచమంతా అదే కొలబద్ద. ఫోన్లోనే అడిగింది: "పాత రిపోర్టు ఏమైనా ఉందా సార్?" అప్పుడురా నీకు చేసింది. నువ్వు పంపిన కాగితంలో 0.7. ఏడుకి పదకొండు, ఒకటిన్నర దాటింది. రెండు లెక్కలూ ఒకే మాట చెప్పాయి. ఇంజెక్షన్ ఆపేశారు.

అసలు కథ ఇక్కడే. ఆ పిల్లకి అనుమానం తీరలేదు. అమికాసిన్ కిడ్నీ గొట్టాల్లోని కణాల్లోకి దూరి పోగుపడుతుందట. దాని దెబ్బ మామూలుగా అయిదారు రోజులకి కానీ బయటపడదు. రెండు రోజులకే ఇంత పెరిగిందంటే వేరే చెయ్యి ఉంది. "అజ్జి ఇంకేమైనా తింటా ఉందా?" నేను ఛాతీ విరుచుకుని లేదన్నాను. తెల్లారి నర్సు చీర మారుస్తుంటే కొంగుముడి జారి పడింది. డైక్లోఫినాక్! మోకాళ్ళ నొప్పులకి. మన సెంటర్లో మెడికల్ షాపువాడిచ్చాడట, రోజుకి రెండు. నాకు కాళ్ళల్లో వణుకొచ్చింది. నవ్వూ వచ్చింది. అమ్మ మాత్రం "అది మందు కాదురా, నొప్పి బిళ్ళ" అంది.

బీపీకి టెల్మిసార్టాన్ వాడుతుందిగా, అందులోనే మూత్రం ఎక్కువ పోయించే మందు కలిపి ఉంది. నొప్పి బిళ్ళ కిడ్నీలోకి రక్తం వచ్చే దారి ఇరుకు చేస్తుంది, బీపీ మందు బయటికి పోయే దారి వదులు చేస్తుంది, మూడోది నీళ్ళు లాగేస్తుంది. పైన జ్వరం, తిండి లేదు. ఆ పైన అమికాసిన్.

నేను ఆఫీసులో చేసేదేమిటో నీకు తెలుసుగా, ఎవడు లోను ఎగ్గొడతాడో పాత డేటా చూసి ముందే చెప్పే కంప్యూటర్ మోడల్. ఆ రాత్రి వరండాలో కూచుని, ఆసుపత్రి డేటా అంతా ఇస్తే ఏ మందుకి ఎవరి కిడ్నీ దెబ్బతింటుందో నేనూ చెప్పెయ్యగలననుకున్నాను. కాసేపటికి పొగరు దిగింది. క్రియాటినిన్ పెరిగేది దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకి, దొంగ పోయాక మొరిగే కుక్క. పైగా వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో పిపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే ఇంకోటి కలిపి ఇస్తే ఆ అంకె పెరుగుతుంది కానీ, అది నిజం దెబ్బేనా, క్రియాటినిన్ బయటికి పోవడం తగ్గి అలా కనపడుతోందా అని డాక్టర్లలోనే తగవు. జవాబే అనుమానమైతే మోడల్‌కి ఏం నేర్పుతాం? ఇక బరువు గడిలో అక్క పెళ్ళి. కొంగుముడికి గడే లేదు. లోన్లలో కూడా ఇంతేనేమో, ఆ సంగతి మళ్ళీ...

అమికాసిన్ బదులు మెరోపెనెమ్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కి మార్చారు. దాన్నీ ఎనిమిది గంటలకి కాకుండా పన్నెండు గంటలకోసారి ఇచ్చారు, ఆ 38 పుణ్యమే. సెలైన్ పెట్టారు, నొప్పి బిళ్ళలు బంద్, బీపీ మందు కొన్నాళ్ళు ఆపారు. ఆరో రోజుకి 0.8. వచ్చేటప్పుడు అమ్మ ఆ పిల్ల చేతిలో వంద రూపాయలు పెట్టబోయింది, తీసుకోలేదు. "మా ఊరికొస్తే ఆవకాయ పెడతా" అంది అమ్మ. ఆ మాట నీకు మాత్రమే అనేదనుకున్నాను ఇన్నాళ్ళూ.

నువ్వో పని చెయ్యాలి. ఆ షాపువాడి దగ్గరికెళ్ళి, గొడవ పెట్టుకోకుండా (నీ సంగతి తెలుసు), అమ్మ అడిగినా ఆ బిళ్ళలు ఇవ్వొద్దని చెప్పు. ఇంకా బియ్యం డబ్బా అడుగున

అయ్యో, అమ్మ లేచింది. బాత్రూంలో లైటెక్కడని అరుస్తోంది. డబ్బా సంగతి ఫోన్లో.

నీ గుండు