సైనికుడి తూటాకు వేరే ధర్మమా?

సంపాదకులకు,

సముద్రపు దొంగలు పట్టుబడితే హైదరాబాద్ టీవీ చర్చల్లో అందరిదీ ఒకటే మాట: కఠినంగా శిక్షించాలి. సరైన మాటే. మన 2022 చట్టం ప్రకారం వారి దాడిలో ప్రాణం పోతే మరణశిక్ష లేదా యావజ్జీవం.

మరి 2012 ఫిబ్రవరిలో కేరళ తీరంలో ఇద్దరు జాలర్లను దొంగలనుకుని కాల్చి చంపిన, ఒక వాణిజ్య నౌకకు కాపలాగా ఉన్న ఇటలీ సైనికుల సంగతి ఏమిటి? ఒక జాలరి చుక్కాని పట్టుకుని ఉండగానే నేలకొరిగాడు. పడవలో ఆయుధాలే లేవు. అయినా ఆ సైనికులు ప్రభుత్వ విధుల్లో ఉన్నందున మన కోర్టులు విచారించరాదని 2020లో అంతర్జాతీయ ట్రైబ్యునల్ తేల్చింది. 2021లో రూ.10 కోట్ల పరిహారంతో ఇక్కడి కేసు మూసేశారు. ఇది నాకు మింగుడుపడదు. వాణిజ్య నౌకల్లో సాయుధ సైనికులను పెట్టే ప్రతి దేశమూ జాలర్ల ప్రాణాలకు మన కోర్టుల్లోనే జవాబు చెప్పేలా ఒప్పందాలకు కేంద్రం పట్టుబట్టాలి.

– ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్