ఆర్టీసీ సంఘాలు, ప్రజాభిప్రాయం

సంపాదకులకు,

ప్రభుత్వ రంగ కార్మిక సంఘాలు ప్రజలను ఇబ్బంది పెట్టి రాజకీయ ప్రయోజనాలు సాధిస్తాయన్న వాదన తరచూ వినిపిస్తోంది. 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు సాగిన తెలంగాణ ఆర్టీసీ సమ్మెను గుర్తుచేసుకుంటే ఈ వాదన ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది. దసరాకు సొంతూళ్లకు బయలుదేరినవారు చంటిపిల్లలతో, మూటాముల్లెలతో బస్టాండ్లలో పడిగాపులు కాసి, ఆటోలకూ జీపులకూ అడిగినంత ఇచ్చుకున్నారు. అయినా, 2011 సకల జనుల సమ్మెలో బస్సులు ఆపి తెలంగాణ ఉద్యమానికి అండగా నిలిచిన కార్మికులపై సానుభూతి చెరిగిపోలేదు. అక్టోబరు 19న సమ్మెకు మద్దతుగా రాష్ట్ర బంద్ జరిగింది. కార్మికులు కోరగా అప్పుడు ప్రభుత్వం ససేమిరా అన్న, ఆర్టీసీని ప్రభుత్వంలో కలిపే విలీనానికి 2023 ఆగస్టులో ఎన్నికలకు ముందు అదే ప్రభుత్వం శాసనసభలో బిల్లు తెచ్చింది. బేరమాడే శక్తి సంఘాలకు ప్రజల నుంచే వస్తుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

సమ్మె ముగిశాక డిపోల్లో సంఘాలకు బదులుగా తెచ్చిన సంక్షేమ మండళ్లు, కార్మికులు రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకున్న గుర్తింపు సంఘానికి ఎన్నటికీ ప్రత్యామ్నాయం కావని నా దృఢాభిప్రాయం. అయితే సంఘాలు కూడా పార్టీల నీడ నుంచి బయటపడాలి. జీతాల గురించి ఎంత గట్టిగా అడుగుతాయో, పల్లెలకు రద్దయిన సర్వీసుల గురించీ అంత గట్టిగా అడగాలి.

ఇట్లు,
ఒక ప్రయాణికుడు, వరంగల్