వార్షిక నివేదిక: కొన్న సరుకు, కొన్న సేవ – రైల్వే కార్మిక ఉత్పాదకత లెక్క

గౌరవ సభ్యులకు నమస్కారం.

విశాఖలోని మన రైల్వే విశ్రాంత ఉద్యోగుల సంఘం తరఫున పింఛను సహాయం, ఆరోగ్య శిబిరం ఎప్పటిలాగే నడిచాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. అధ్యయన విభాగం మాత్రం ఏడాదంతా ఒకే ప్రశ్న పట్టుకుంది. గంట పనికి లాగిన టన్ను-కిలోమీటర్లు (ఒక టన్ను సరుకును ఒక కిలోమీటరు మోస్తే ఒకటి) పెరిగాయంటే, అందులో బయటి నుంచి కొన్న పని వాటా ఎంత?

ఊహాజనిత లెక్క ఒకటి చూడండి. నెలకు 20,000 పని గంటలు, 2 కోట్ల నికర టన్ను-కిలోమీటర్లు అనుకుంటే గంటకు 1,000. అందులో 4,000 గంటల మరమ్మతు పని కాంట్రాక్టుకు ఇస్తే మస్టరులో 16,000 గంటలే మిగులుతాయి. ఉత్పాదకత 1,250 అయినట్టు కనిపిస్తుంది. కాంట్రాక్టరు మనుషుల 4,000 గంటలు కలిపితే మళ్లీ అదే 1,000. కాంట్రాక్టరు యంత్రంతో ఆ పనిని 2,500 గంటల్లో ముగిస్తే 1,081. అంటే 25 శాతం అనుకున్న చోట అసలు పెరుగుదల 8 శాతమే.

అమెరికాలో రైలు కంపెనీలపై ప్రభుత్వ నియంత్రణను సడలించిన 1980 నాటి స్టాగర్స్ చట్టం తర్వాతి ఉత్పాదకత అంకెలు చదివేటప్పుడు కూడా ఈ జాగ్రత్త కావాలి. అక్కడి సరుకు వ్యాగన్లలో సగానికి పైగా రైలు కంపెనీల సొంతం కావు. వాటిని బయటి వర్క్‌షాపులో బాగుచేస్తే ఆ గంటలు రైల్వే ఖాతాలోకి రావు, అవి మోసిన టన్నులు మాత్రం వస్తాయి.

అలాగని కొన్నదంతా అంకెల మాయ అనడం అన్యాయం. 13 మీటర్ల పట్టాలు వేసిన లైనులో కిలోమీటరుకు రెండు వైపులా కలిపి సుమారు 154 అతుకులు. అతుకుకు నాలుగు బోల్టుల చొప్పున 600కు పైగా బోల్టులు బిగించాలి, పట్టాలను అతికే ఇనుప పలకలకు (ఫిష్‌ప్లేట్లకు) గ్రీజు పెట్టాలి. ఫ్యాక్టరీ నుంచి వెల్డింగ్ చేసిన 260 మీటర్ల పట్టాలు (ప్యానెళ్లు) వచ్చాక ఆ చాకిరీ చాలావరకు పోయింది. పట్టాల పని చేసే గ్యాంగ్ వాళ్ల నడుములు ఆ మేరకు నిలిచాయి. ఇది అసలైన లాభం.

మన కొత్తవలస–కిరండోల్ లైను ఇంకో సంగతి చెబుతుంది. ఇనుప ఖనిజం బండి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ స్టేషను దాటి ఘాటు దిగేటప్పుడు త్రీ-ఫేజ్ ఇంజను బ్రేకు వేస్తూనే తీగకు కరెంటు తిరిగిస్తుంది. కొనే యూనిట్లు తగ్గుతాయి, లోకో పైలట్ గంటలు తగ్గవు. కాబట్టి కార్మిక ఉత్పాదకతలో ఈ మేలు కనిపించదు. కూలీ, యంత్రాలు, కొన్న సరుకు-సేవలు అన్నీ కలిపి లెక్కగట్టే బహుళ కారక ఉత్పాదకతలోనే తేలుతుంది.

లెక్క వేసే సభ్యులు ముందు సొంత సిబ్బంది గంటలు రాసుకోవాలి, ఓవర్‌టైముతో సహా. తర్వాత కాంట్రాక్టరు హాజరు పట్టీ. అది దొరకకపోతే బిల్లులోంచి సామాను, యంత్రం అద్దె, లాభం తీసేసి, మిగిలినదాన్ని గంట కూలితో భాగించాలి. లాభం తీయడం మరిచిపోతే గంటలు ఉబ్బిపోతాయి. డీజిలు, కరెంటు రూపాయల్లో వద్దు, లీటర్లలో, యూనిట్లలో రాయండి. ధర పెరిగినంత మాత్రాన వాడకం పెరిగినట్టు కాదు. లీజు వ్యాగన్లను పెట్టుబడి కింద చూపితే, వాటి అద్దెను మళ్లీ కొన్న సేవల్లో వేయకూడదు.

వచ్చే ఏడాది వ్యాగన్ మరమ్మతు, పట్టాల పని, బోగీల శుభ్రత – ఈ మూడింటికీ వేర్వేరు పట్టికలు తయారు చేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఆ విభాగాల్లో పనిచేసిన సభ్యులు ఒక్కో పనికి పట్టే మనిషి-గంటలను రాసి కార్యదర్శికి అందజేయగలరు.