మా ఇల్లే బడి అని రాసుకున్నారు కదా: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, ఉదయగిరి వైపు ఒక పల్లె నుంచి రాస్తున్నాను. ఇంతకుముందు నాలుగు అర్జీలు పెట్టాను. రెండు మండలంలో, రెండు జిల్లా కేంద్రంలో. నాలుగో అర్జీ పెట్టిన పదకొండో రోజున నా ఫోనుకు సందేశం వచ్చింది, సమస్య పరిష్కారమైందని. ఆ పదకొండు రోజుల్లో మా గడప తొక్కినవారు లేరు, ఫోను చేసి అడిగినవారు లేరు. ఏది పరిష్కారమైందో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే ఈసారి అర్జీ మానేసి నలుగురూ చదివేలా ఉత్తరం రాస్తున్నాను.

మా అబ్బాయికి పన్నెండేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కాళ్లూ చేతులూ వాడి మాట వినవు. వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సదరం పత్రంలో 85 శాతం అని ఉంది. ఇప్పుడు ఆరో తరగతి. బడి రిజిస్టరులో వాడి పేరుకు ఎదురుగా ఇంటి వద్ద విద్య అని రాశారు, అంటే బడికి రాలేని పిల్లవాడికి టీచరే ఇంటికి వచ్చి చెప్పే చదువు. ఆ మాటకు అర్థమేమిటో, టీచరు ఎన్నిసార్లు రావాలో, ఏమేమి ఇవ్వాలో మీకు నేను చెప్పనవసరం లేదు. మీ శాఖ రాసిన మాటే అది. నేను చెప్పగలిగింది మా ఇంట్లో శనివారాలు ఎలా గడుస్తున్నాయన్నది మాత్రమే.

శనివారం టీచరు వస్తారని చెప్పారు. పది గంటలకు. అందుకని ఆ రోజు నేను కూలికి వెళ్లను. ఎనిమిదింటికల్లా వాడికి స్నానం చేయించి, అన్నం తినిపిస్తాను. వాడు తినడానికి ముప్పావుగంట పడుతుంది, ముద్ద గొంతులో అడ్డం పడకుండా చూసుకోవాలి. తల దువ్వి, యూనిఫాం వేస్తాను. అవును, యూనిఫామే. వేయకపోతే ఊరుకోడు. వరండాలో చాప పరిచి, గోడకు దిండు ఆనించి కూర్చోబెడతాను. అప్పటి నుంచి వాడి చెవులన్నీ రోడ్డు మీదే. ఊరి మొదట్లో రావిచెట్టు దగ్గర మలుపు తిరిగేటప్పుడు టీచరుగారి స్కూటరు చేసే చప్పుడు వాడికి తెలుసు. పాలబండి చప్పుడు వేరు, మా బావగారి బండి చప్పుడు వేరు. ఆమె స్కూటరు వినబడితే ఒళ్లంతా బిగుసుకుపోతుంది, సంతోషానికి. చేతులు రెండూ పైకి లేస్తాయి.

పది దాటుతుంది. పదకొండు దాటుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు చాప తీయబోతే అరుస్తాడు. తీయనివ్వడు. ఆ పూట అన్నం తినడు.

బడి తెరిచిన నాటి నుంచి సంక్రాంతి సెలవుల దాకా నేను ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టాను. సెలవులు పోను 27 శనివారాలు. టీచరు వచ్చినవి ఆరు. ఆ ఆరు సార్లూ కలిపితే రెండున్నర గంటలు. ఒక పిల్లవాడికి ఏడు నెలల్లో మీ శాఖ చెప్పిన చదువు రెండున్నర గంటలండీ. అందులోనూ కొంత సేపు ఫోటోకు పోతుంది. వాడి ఒడిలో పుస్తకం పెట్టి, నన్ను పక్కన కూర్చోమని, ఫోనులో ఫోటో తీసి, నా చేత సంతకం పెట్టించుకుంటారు. మూడుసార్లు ఒకే పుస్తకం, ఒకే పేజీ.

ఆ టీచరు మీద నాకు కోపం లేదు, ఈ మాట ముందే చెప్పాలి. ఆమె కాంట్రాక్టు ఉద్యోగి. రెండు మండలాలు ఆమె ఒక్కరే చూస్తున్నారు. సొంత స్కూటరు, సొంత పెట్రోలు. ఇలాంటి పిల్లల కోసం ఉన్న కేంద్రానికి వచ్చేవారిని చూసుకోవాలి, ఆన్‌లైన్లో వివరాలు ఎక్కించాలి, సమావేశాలకు పోవాలి, మిగిలిన రోజున ఇరవైకి పైగా ఇళ్లు తిరగాలి. ఎండలో వచ్చి, మంచినీళ్లు తాగి, మా వాడి చేయి పట్టుకుని ఒకసారి ఆమె కూడా కళ్లు తుడుచుకున్నారు. మనిషి మంచిదే. కానీ ఒక్క మనిషిని ఇరవై ఇళ్లకు పంచి, అందరికీ చదువు అందిందని కాగితం మీద రాసుకోవడం తప్పు. ఆ తప్పు ఆమెది కాదు.

ఇప్పుడు మా వాడు ఎలా చదువుకుంటాడో చెబుతాను. మీకు చేరిన ఏ కాగితంలోనూ ఇది లేదు, నన్ను ఎవరూ అడగలేదు కనుక.

వాడికి పెన్ను పట్టుకోవడం రాదు, ఎప్పటికీ రాకపోవచ్చు. మాట స్పష్టంగా రాదు. కానీ వాడికి అర్థం కాని విషయం లేదు. మా ఆయన ఉదయగిరి చెక్క చెంచాల పని చేస్తారు. గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కగా మిగిలిన నర్ది చెక్క ముక్కలతో ఒక వేసవి అంతా కూర్చుని అక్షరాలు చెక్కారు. ఒక్కొక్కటీ అరచేతి అంత. అక్షరాలు వేరే, గుణింతం గుర్తులు వేరే. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క. కకు కొమ్ము తగిలిస్తే కు అవుతుందని పుస్తకంలో బొమ్మ చూసి కాకుండా, చెక్కకు చెక్క ఆనించినప్పుడు మా వాడికి తెలిసింది. వేళ్లు విప్పలేడు కాబట్టి పిడికిలి వెనుక వైపుతో తడిమి చూస్తాడు. నేను ఒక మాట చెబితే కావలసిన ముక్క వైపు చూస్తాడు, నేను అది తీసి పెడతాను, తప్పు తీస్తే అరుస్తాడు. అలా కూడబలుక్కుని వాడు రాసిన మొదటి మాట తన పేరు కాదు. వాళ్ల చెల్లెలి పేరు.

లెక్కలు చెవితో చేస్తాడు. స్టీలు గిన్నెలో చింతగింజలు ఒక్కొక్కటే వేస్తాను. ఏడు వేసి, కాసేపు ఆగి ఐదు వేస్తే, నేలమీద పిడికిలితో పన్నెండు తట్లు తడతాడు. ఒకసారి నేను పరధ్యానంగా ఒక గింజ తక్కువ వేసి, వాడే తప్పు చెప్పాడనుకున్నాను. గిన్నె తీసి లెక్కపెడితే వాడే సరి. ఇప్పుడు ఎక్కాలు పన్నెండో ఎక్కం దాకా వచ్చాయి. పాఠం ఒకటికి మూడుసార్లు చదివి వినిపిస్తే చాలు, నాలుగోసారి నేను ఒక వాక్యం వదిలేస్తే గుర్తుపడతాడు. పద్యాలైతే రెండుసార్లే.

నేను పదో తరగతి దాకా చదివాను. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు. వాడి పక్కన కూర్చుని, వాడు దేనికి తల తిప్పుతున్నాడో చూస్తూ నేర్చుకున్నాను. ఆరో తరగతికి వచ్చేసరికి నా చదువు చాలడం లేదు. సైన్సు పాఠం నేనే ఒకటికి రెండుసార్లు చదువుకోవాల్సి వస్తోంది. చెవితో నేర్చుకునే పిల్లవాడికి ఆ పాఠాలు వినిపించే ఏర్పాటు ఉండాలి, కంటిచూపుతో జవాబు చెప్పే పిల్లవాడికి అలాంటి పలక ఏదో ఉంటుందట, అది ఎలా వాడాలో చూపించే మనిషి రావాలి. నాకు కావలసింది అదే.

మొన్న దసరా సెలవుల తర్వాత వాడి మార్కుల కార్డు ఇంటికి వచ్చింది. అన్ని సబ్జెక్టులకూ గ్రేడు వేసి ఉంది. తెలుగుకు, లెక్కలకు, సైన్సుకు, సోషలుకు. నేను ఆ కార్డు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అయ్యా, ఆ పరీక్షలు జరిగిన వారంలో మా ఇంటికి ఎవరూ రాలేదు. మా వాడిని ఒక్క ప్రశ్న, ఒకే ఒక్క ప్రశ్న, ఎవరూ అడగలేదు. అడగకుండా గ్రేడు ఎలా వేశారు? సున్నా వేసినా నేను ఇంత బాధపడేదాన్ని కాదు, అడిగి వేసి ఉంటే. వాడికి ఏదీ రాదని ముందే తేల్చేసుకుని, గడి ఖాళీగా ఉండకూడదని నింపారు. కార్డు చదవమని మా వాడు చూపులతో అడిగితే నేను చదవలేకపోయాను.

చట్టం చూడమని ఎవరో చెబితే చూశాను. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్దే చదువు కోరుకునే హక్కును 2012లో విద్యాహక్కు చట్టంలో చేర్చారు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో, పాఠ్యాంశాలనూ పరీక్షలనూ ఆ పిల్లలకు తగినట్టు మార్చాలని ఉంది. పద్దెనిమిదేళ్ల దాకా పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలని ఉంది. హక్కు అన్నారు, దయ అనలేదు. నేను దయ అడుగుతున్నానేమో అనుకుని ఇన్నాళ్లూ ప్రతి కార్యాలయంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మేము ఇష్టపడి కూడా ఇల్లు కోరుకోలేదు. ఐదో తరగతి దాకా ఊళ్లో బడికి మా ఆయన సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవారు. ఇప్పుడు హైస్కూలు దూరం. ఫిజియోథెరపీ కోసం మండల కేంద్రానికి పోవాలంటే పద్నాలుగు కిలోమీటర్లు. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు, మేలు చేశారు. కానీ నాకు టికెట్టు కష్టం కాదు. ఇరవై ఎనిమిది కిలోల పిల్లవాణ్ని ఎత్తుకుని బస్సు మొదటి మెట్టు ఎక్కడం కష్టం. ఎక్కి, దిగి, నడిచి వెళితే ఫిజియోథెరపిస్టు లేరు, మానేశారు, కొత్తవారు ఎప్పుడు వస్తారో తెలియదని చెప్పారు. అలా మూడుసార్లు తిరిగి వచ్చాను. నాలుగోసారి వెళ్లలేదు. వాడి మోకాళ్లు మునుపటికన్నా బిగుసుకున్నాయి.

మా ఒక్కరి గోడు కాదిది. సదరం శిబిరంలో కావలి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ కలిసింది. వాళ్ల అమ్మాయికి ఆటిజం. మాట్లాడదు, కానీ వీధి మొత్తం, ఏ ఇంటికి ఎన్ని కిటికీలో సహా బొమ్మ గీస్తుంది. ఆ పిల్లకు బడిలో ఇచ్చింది పలక మీద గీతలు దిద్దే పని. మా పక్కింటి అబ్బాయి రోజూ బడికి వెళతాడు, నోటి లెక్కలు చురుకుగా చెబుతాడు, చదవమంటే అక్షరాలు తారుమారవుతాయి. మొద్దు అంటారు వాణ్ని. అదీ చట్టంలో రాసిన 21 వైకల్యాల్లో ఒకటేనని, దానికి వేరే పద్ధతిలో నేర్పాలని బడిలో ఎవరూ వాళ్లమ్మకు చెప్పలేదు. ఇప్పుడు సాయంత్రాలు మా వరండాకు వస్తున్నాడు. మా వాడి చెక్క అక్షరాలతోనే కూడబలుక్కుంటున్నాడు. మా వాడు చూపుతో తప్పు పట్టిస్తే వాడు సరిచేస్తాడు. ఇద్దరికీ నేను టీచరును. నాకు వచ్చింది పదో తరగతే, చెప్పాను కదా.

అయ్యా, మా ఇంటిని బడి అని మీరే రాసుకున్నారు. అయితే బడికి టీచరు ఉండాలి. వారానికి ఒక్కరోజైనా, ఖాయంగా. రెండు మండలాలకు ఒకరు కాకుండా, ఇంటింటికీ వెళ్లడమే పనిగా ఉన్నవారు కావాలి. రాలేని రోజున రావడం లేదని ఒక్క మాట ఫోను చేసి చెప్పాలి, ఆ చాప నేను పరవకుండా ఉంటాను. ఫిజియోథెరపిస్టును వేయండి. పరీక్ష పెట్టండి, వాడికి తగినట్టు పెట్టండి, పెట్టాకే గ్రేడు వేయండి. టీచరును పంపండి. ఇదే మళ్లీ మళ్లీ రాస్తున్నానని తెలుసు, నాలుగు అర్జీల్లోనూ ఇదే రాశాను.

మీరు ఎవరినైనా పంపితే వారికి ఒక్క మాట చెప్పి పంపండి. మా వాడిని ప్రశ్న అడిగాక ఆగాలి. తల అటూ ఇటూ తిరుగుతుంది, చేతులు ఎగురుతాయి, చొంగ కారుతుంది. అది జవాబు రాకపోవడం కాదు, జవాబు వస్తోందని. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టమనండి. ఒక్కోసారి ముప్పై. నన్ను చూడవద్దు, ఫోను చూడవద్దు, వాడి కళ్లనే చూడమనండి.

నమస్కారాలతో,
ఒక తల్లి
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా