తెలుగు హ్యాష్‌ట్యాగ్ తెగిపోతోందని ఎవరికి చెప్పుకోవాలి?

తిరుపతి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: తెలుగు హ్యాష్‌ట్యాగ్ లోపంపై ఇచ్చిన ఫిర్యాదును చదవకుండానే మూసేయడం గురించి.

అయ్యా,

#తిరుపతి అని రాస్తే మీ సోషల్ మీడియా సైట్‌లో లింకు 'త' దగ్గరే తెగిపోతోంది. #తిరుచానూరు, #తోతాపురి కూడా అంతే. మూడూ '#త' కింద పోగవుతున్నాయి. చిత్తూరు రైతు తోతాపురి మామిడి ధర కోసం నొక్కితే తిరుచానూరు బ్రహ్మోత్సవాల ఫొటోలు వస్తున్నాయి. అయితే ఈ లోపం కన్నా, దాన్ని చెప్పుకోవడానికి మీరు పెట్టిన తిప్పలే మమ్మల్ని ఎక్కువ బాధించాయి.

మొదట చాట్‌బాట్. యాప్ అప్‌డేట్ చేయమంది, క్యాష్ తుడిచేయమంది, లాగౌట్ అయి మళ్లీ రమ్మంది. అన్నీ చేశాం. కంప్యూటర్ బ్రౌజర్‌లోనూ అక్కడే తెగుతోంది కాబట్టి తప్పు ఫోన్‌లో లేదని రాశాం. అప్పుడొచ్చిన ఏజెంటు స్క్రీన్‌షాట్లు అడిగారు, పంపాం. తర్వాతి ఏజెంటు మళ్లీ అవే అడిగారు. ఇంకొకరు ఇది లోపం కాదు, కొత్త ఫీచర్ కోరిక, వేరే ఫారంలో వేయండి అన్నారు. ఆ ఫారం నుంచేమో ఇది లోపమే, సపోర్ట్‌కు రాయండి అని జవాబు! చివరి ఏజెంటు ట్యాగులు ఇంగ్లీషులో పెట్టుకోమని సలహా ఇచ్చి, 'పరిష్కారమైంది' అని మా ఫిర్యాదు టికెట్ మూసేశారు. ఏం పరిష్కారమైంది? ఒక్క మాట టైప్ చేసి చూస్తే తెలిసేది. ఒక్కరూ చూడలేదు.

కారణం కూడా అప్పుడే రాశాం. అన్ని భాషల అక్షరాలకూ కోడ్‌లిచ్చే యూనికోడ్‌లో 'త' అక్షరాల వర్గంలోది. గుడి, ఓత్వం, పొల్లు లాంటివి 'మార్క్' వర్గంలోవి. పదం ఎక్కడిదాకా ఉందో గుర్తించే మీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (కోడ్‌లోని నమూనా) అక్షరాలను, అంకెలను మాత్రమే ఒప్పుకుంటున్నట్టుంది. అందుకే గుడి రాగానే పదం అయిపోయిందనుకుని ఆగిపోతోంది. మార్క్ వర్గాన్నీ అందులో చేర్చండి. 'మార్కెట్‌యార్డు' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది, దాని యూనికోడ్ సంఖ్య 200సీ. దాన్నీ పదం మధ్యలో అనుమతించాలి, లేకపోతే 'మార్కెట్' దగ్గర మళ్లీ తెగుతుంది. సెర్చ్‌లోనూ ఇదే నియమం పెట్టి పాత పోస్టులను తిరిగి ఇండెక్స్ చేయాలి, అంటే సెర్చ్ జాబితాలో కొత్తగా చేర్చాలి. అది చేయకపోతే లింకు నిండుగా కనిపించినా, నొక్కితే పాత పోస్టులు దొరకవు.

హ్యాష్‌ట్యాగ్‌ను 2007లో ట్విట్టర్‌కు సూచించింది క్రిస్ మెస్సినా అనే వినియోగదారుడు. కంపెనీ దాన్ని లింకుగా మార్చింది 2009లో. వేరేవాళ్ల పోస్టును మళ్లీ పంచుకోవడానికి జనం చేత్తో 'ఆర్‌టీ' (రీట్వీట్) అని రాసుకుంటూ వస్తే అదే ఏడాది రీట్వీట్ బటన్ వచ్చింది. వాడేవాళ్ల మాట విన్న డెవలపర్లు ఉండబట్టే ఇవి నిలిచాయి. మీ తెలుగు మెనూలో తప్పులు దిద్ది పంపిందీ మేమే. ఏనాడూ పైసా అడగలేదు. మాకు మీరిచ్చే మర్యాద ఇదేనా?

2021 ఐటీ నియమాల ప్రకారం ఈ లేఖ అందినట్టు 24 గంటల్లో తెలపాలి, నియమాల్లోని గడువులోగా పరిష్కరించాలి. మళ్లీ అచ్చు జవాబే వస్తే 30 రోజుల గడువు లోపు కేంద్ర ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి అప్పీలు చేస్తాం, మీ ఏజెంట్ల జవాబులన్నీ జతచేస్తాం. ఈలోగా తెలుగు చదవగల డెవలపర్ ఒకరితో మాకు నేరుగా రాయించండి.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల తెలుగు వినియోగదారులు