డ్రోన్ వీడియో సోలార్ తనిఖీ కాదు

సంపాదకులకు,

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక మన ఊళ్లలో మేడల మీద సోలార్ ప్యానెళ్లు బాగా పెరిగాయి. వాటి వెనకే ‘డ్రోన్‌తో తనిఖీ’ అనే కొత్త బేరమూ వచ్చింది. సోలార్ మరమ్మతుల పనిలో ఉన్నవాళ్లుగా మా మాట ఇది: మామూలు కెమెరాతో తీసిన వీడియోకు డబ్బులివ్వకండి. దుమ్ము, పావురాల రెట్టలు, పగిలిన గాజు లాంటివి మెట్లెక్కి చూస్తే చాలా ఇళ్లలో మీకే కనిపిస్తాయి.

డాబా వాడుకోవడానికి వీలుగా ఏడెనిమిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ మీద బిగించినచోటా, కాలు పెడితే విరిగే సిమెంటు రేకుల కప్పుల మీదా డ్రోన్ నిజంగానే అక్కరకొస్తుంది. అక్కడ కూడా వేడి తేడాలను చూపించే థర్మల్ కెమెరా ఉంటేనే.

థర్మల్ తనిఖీకి ప్యానెల్ మీద చదరపు మీటరుకు కనీసం 600 వాట్ల ఎండ ఉండాలని ఐఈసీ 62446-3 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. అంటే మబ్బు లేని రోజున, సుమారు పదింటికీ మూడింటికీ మధ్య. ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ మీద అంకె నిలకడ లేకుండా ఎగిరి పడుతుంటే మబ్బులు అడ్డొస్తున్నట్టే, కాసేపు ఆగాలి. చాలామంది పట్టించుకోనిది మరొకటి ఉంది. కరెంటు పోతే, లైనుకు కలిపి ఉండే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ప్యానెళ్లలో కరెంటు పారదు గనుక ప్యానెల్‌లోని చదరాల్లో (సెల్లుల్లో) చెడిన సెల్లూ మంచి సెల్లూ దాదాపు ఒకే వేడితో కనిపిస్తాయి. ఆ సమయంలో డ్రోన్ ఎగరేస్తే రిపోర్టులో ‘అంతా బాగుంది’ అనే వస్తుంది. అందుకే తనిఖీ వేళకు ఇన్వర్టర్ ఎన్ని కిలోవాట్లు ఇస్తోందో టైముతో సహా ఫొటో అడగండి.

థర్మల్ చిత్రంలో ఒక్కో పిక్సెల్‌కు (చుక్కకు) ప్యానెల్ మీద సుమారు 3 సెంటీమీటర్లకు మించి పట్టకూడదు. 640×512 పిక్సెళ్ల కెమెరా అయితే ఒక ఫ్రేములో 19 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవుకు మించకూడదన్నమాట. వీధంతా కనిపించే చిత్రం గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది. ఇంకో చిక్కు, ప్యానెల్ గాజు వేడిని కూడా అద్దంలా తిప్పికొడుతుంది. ఎండ, పక్కింటి గోడ, వాటర్ ట్యాంకు అందులో మచ్చల్లా కనబడతాయి. అదే చోటును ఇంకో కోణంలో తీస్తే, మచ్చ కదిలితే ప్రతిబింబం, కదలకపోతే లోపం.

ఒక్క సెల్లే మండుతుంటే దాని మీద రెట్ట గానీ నీడ గానీ ఉండాలి, లేదంటే లోపల పగులు. ముందు కడిగి మళ్లీ చూడండి. ప్యానెల్‌లో మూడో వంతు పట్టీలా వేడెక్కితే చెడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారి పట్టించే బైపాస్ డయోడ్ వైపు చూడాలి. ప్యానెల్ మొత్తం పక్కవాటికంటే సమానంగా వేడిగా ఉంటే ప్యానెల్ వెనక వైర్లు కలిసే జంక్షన్ బాక్సును, స్ట్రింగ్ (వరుసగా కలిపిన ప్యానెళ్లు) మొత్తం అలా ఉంటే ఫ్యూజ్‌ను లేదా ప్యానెళ్ల వైర్లను కలిపే ఎమ్‌సీ4 కనెక్టర్ ఊడిందేమో చూడాలి. జంక్షన్ బాక్సు ఉన్నచోట కాస్త వేడి సహజం. దాన్ని చూపించి ప్యానెల్ మార్చమంటే ఒప్పుకోవద్దు. పొడవు వైపు పైకి ఉండేలా బిగించిన హాఫ్‌కట్ ప్యానెళ్లలో (సెల్లులను సగానికి కోసి, పై సగం, కింది సగం విడివిడిగా పనిచేసేలా కలిపినవి) కింది అంచున మందంగా పేరుకున్న మట్టి చార కింది వరుస సెల్లులను కప్పేస్తే ఆ సగం పని దాదాపు ఆగిపోతుంది. దీనికి మందు తడిగుడ్డే. బోరు నీళ్లతో మిట్టమధ్యాహ్నం కడిగితే తెల్లటి ఉప్పు చార మిగులుతుంది, తెల్లవారాక చల్లని పూట మంచినీళ్లతో కడగాలి.

ఎర్తింగ్, పిడుగుపాటు లాంటి అధిక వోల్టేజి నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్, ప్యానెల్ కింద వేలాడే కేబుళ్లు, స్లాబులో బోల్టులు దిగినచోట నీరు కారడం, ఇవేవీ డ్రోన్‌కు కనబడవు. వీటిని మనిషే చూడాలి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వరుసగా కలిపితే దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది. ఇన్వర్టర్‌ను, ప్యానెళ్ల కరెంటును తెంపే స్విచ్చు డీసీ ఐసోలేటర్‌ను ఆపకుండా ఎమ్‌సీ4 కనెక్టర్ పీకితే నిప్పు లేస్తుంది.

ఇక నిబంధనలు. థర్మల్ కెమెరా మోసే డ్రోన్లు సాధారణంగా 250 గ్రాములు దాటుతాయి. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం వాటిని వ్యాపారానికి ఎగరేసే వ్యక్తికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. డ్రోన్‌కు యూఐఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు, థర్డ్‌పార్టీ బీమా కూడా ఉండాలి. గన్నవరం, శంషాబాద్, బేగంపేట, విశాఖ విమానాశ్రయాల దగ్గర్లో ఇల్లుంటే డ్రోన్ ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ముందు ఏ జోనో చూడమనండి. సంక్రాంతి రోజుల్లో మాంజా గాలిలో ఉన్నంతసేపు ఎవరొచ్చినా వద్దనండి.

సూర్యఘర్ పథకంలో ప్యానెళ్లు బిగించిన వెండర్‌కే 5 ఏళ్ల నిర్వహణ బాధ్యత ఉంది. ఆ గడువు ముగిసేలోగా ఒక్కసారైనా పై పద్ధతిలో థర్మల్ తనిఖీ చేసి, ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరుతో రిపోర్టు ఇవ్వాలన్న షరతును రెండు తెలుగు రాష్ట్రాల డిస్కంలూ (విద్యుత్ పంపిణీ సంస్థలు) పెట్టాలి. సీరియల్ నంబరు లేని చిత్రంతో వారంటీ అడగడం కష్టం.

— కొందరు సోలార్ టెక్నీషియన్లు, విజయవాడ